విదేశములలో వాణిజ్యవిద్య - ఉద్యోగముల మాట

ఈ దినములలో మన యూళ్లలో నలుగురు స్త్రీలు ఏ యరుగుమీద కూడినను, పెండ్లిసంబంధముల ప్రసంగము ముగియక మునుపే "మీ పిల్లవాడు ఏ దేశము?" అను ప్రశ్న పుట్టుచున్నది. ఏ చదువని యడుగువారు తక్కువ. ఇదివరకు ఈ ప్రయాణము ఇంజనీరింగు చదివినవారిది. ఇప్పుడు బి.కాం. పిల్లలును, బి.బి.ఏ. పిల్లలును, ఇంజనీరింగు ముగించియు యంత్రములమీద మనసు నిలువనివారును వ్యాపారపాలనమని, ఫైనాన్సని, మార్కెటింగని, బిజినెస్ ఎనలిటిక్సని పలుపేళ్లు గల పైచదువులకై సముద్రము దాటుచున్నారు. అన్ని చదువులును గలిపి 2024-25 విద్యాసంవత్సరమున ఒక్క అమెరికాలోనే మన దేశపు విద్యార్థులు 3,63,019 మంది యుండిరి. వారిలో తెలుగు బిడ్డలు ఎందఱో మన వీథుల తాళము వేసిన పై గదులను జూచిననే తెలియును.

మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. తండ్రిగారియొద్ద భారతమును, కొన్ని ప్రబంధములను, కొంత సంస్కృతమును చదువుకొంటిమి. మా వారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. వారియొద్ద చదివిన పిల్లల తలిదండ్రులు విదేశపు కాగితములు చేతబట్టుకొని మా యింటికి వచ్చుట ఇటీవల నిత్యకృత్యమైనది. వారు కాగితము చదివి యర్థము చెప్పుదురు. మేము ప్రక్కన గూర్చుండి లెక్క వ్రాయుదుము. వచ్చిన తల్లులలో పెక్కండ్రు బ్యాంకువారి ఋణపత్రముమీద సహఋణగ్రస్తులుగా చేవ్రాలు చేయవలసినవారే. కుదువకు పోవునది వారి పుట్టింటివారు పెట్టిన బంగారము. అట్టివారు ఆ చదువు వలన ఏ యుద్యోగము వచ్చునో, రాకపోయిన ఏమగునో యడిగి తెలిసికొనుట అధికప్రసంగ మెట్లగును? ఆ సంగతులే ఇచ్చట వ్రాయుచున్నాము.

మన యిండ్లలో "ఎం.బి.ఏ." అను నొక్క పేరితో పిలువబడునవి నిజమునకు రెండు వేర్వేరు చదువులు. అసలు ఎం.బి.ఏ. కొంతకాలము ఉద్యోగము చేసి పనిలోని తీపిచేదు లెఱిగినవారి కుద్దేశింపబడినది. ఫిలడెల్ఫియాలోని వార్టను పాఠశాల 1881లోను, హార్వర్డు వ్యాపారపాఠశాల 1908లోను పుట్టినవి. (హార్వర్డులో ఎం.బి.ఏ. మొదటి సంవత్సరపు తరగతిలో స్త్రీలకు చోటు దొరికినది 1963లో. ఆ యేడు చేరినవారు ఎనమండుగురు. పుట్టిన యేబదియైదేండ్లకు గాని ఆ బడికి ఆడువారి తెలివిమీద నమ్మకము కలుగలేదు!) పేరు గల ఎం.బి.ఏ. తరగతులలో చేరువారికి నేటికిని సాధారణముగా నాలుగైదేండ్ల యుద్యోగానుభవ ముండును. రెండవది, ఇచ్చట డిగ్రీ ముగియగనే చేరదగిన ఒక యేడాది, లేక ఒకటిన్నర, రెండేండ్ల మాస్టర్సు. దీనిలో చేరుటకు అనుభవ మక్కఱలేదు. అది చేరువారికి సుఖముగనే తోచును. కాని తరువాత ఉద్యోగ మిచ్చువాడు అనుభవము మాట యడుగక మానడు.

తల్లులు తఱచు సత్య నాదెళ్లగారి పేరు చెప్పుదురు. హైదరాబాదులో పుట్టిన యా పెద్దమనిషి చికాగో విశ్వవిద్యాలయమున 1997లో ఎం.బి.ఏ. పొందిన మాట నిజము. కాని యంతకుముందే మిల్వాకీలో కంప్యూటరు శాస్త్రమున పైపట్టము పొందిరి. మైక్రోసాఫ్టులో ఉద్యోగము మానకయే వారాంతములలో చికాగోకు పోయి చదివిరి. 2007లో అడోబి సంస్థాధిపతియైన శాంతను నారాయణ్ గారును హైదరాబాదువారే. ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో పైచదువు చదివి, ఉద్యోగమున బ్రవేశించిన పిమ్మట 1993లో బర్క్‌లీలో ఎం.బి.ఏ. పట్టము పొందిరి. ఇంద్రా నూయి గారు కలకత్తా ఐ.ఐ.ఎం.లో చదివి, మన దేశముననే ఉద్యోగము చేసి, ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయమునకు పోయి 1980లో పట్టము పుచ్చుకొనిరి. మువ్వురకును చేతిలో పని యుండగా వాణిజ్యవిద్య దానికి తోడైనది. ఇరువదియొకటేండ్ల పిల్లవాడు ఏ పనియు నెఱుగక ఆ పట్టము నొక్కదానినే నమ్ముకొని పోవునప్పుడు ఈ పేళ్లు అతనికి సాక్ష్యము పలుకవు.

విద్యకును ఉద్యోగమునకును నడుమ ముగ్గురు వేర్వేరు ద్వారపాలకు లున్నారని మేము వచ్చినవారి కెల్ల చెప్పుచుందుము. చదువు చెప్పునది విశ్వవిద్యాలయము. ఆ దేశమున నిలిచి పనిచేయుటకు అనుమతి నిచ్చునది అచ్చటి ప్రభుత్వము. జీతమిచ్చునది కంపెనీ. మొదటివాడు రుసుము గొని తలుపు తెఱచినంత మాత్రమున తక్కిన యిరువురును తెఱవవలెనను నిబంధన లేదు. ప్రభుత్వపు నియమములు ఏటేట మాఱుచుండుట మఱియొక చిక్కు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున విదేశవర్తకుల కభయమిచ్చి, పుచ్చుకొను సుంక మింతయని ఱాతిమీద చెక్కించెను. ఓడ దిగకముందే వర్తకునికి తన లెక్క తెలిసెడిది. నేటి విద్యార్థికి ఆ భాగ్యము లేదు. బయలుదేఱునపుడున్న నియమము చదువు ముగియునప్పటి కుండునని ఎవ్వరును పూచీ యియ్యరు.

అమెరికా సంగతి చూతము. అచ్చట చదువు ముగించిన విద్యార్థికి ఓపీటీ యను పేర 12 నెలలు పనిచేయుటకు అనుమతి దొరకును. చదివినది స్టెమ్ అనబడు విజ్ఞానగణితముల పట్టికలోనిదైనచో ఇంకొక 24 నెలలు పెరుగును. మొత్తము మూడేండ్లు. వాణిజ్యవిద్యలో భేదమంతయు ఇచ్చటనే యున్నది. సామాన్యమైన ఎం.బి.ఏ. పెక్కుచోట్ల ఆ పట్టికలోనిది కాదు. బిజినెస్ ఎనలిటిక్సు, మేనేజ్‌మెంటు సైన్సు వంటివి సాధారణముగా నందు చేరును. పేరునుబట్టి గాక, ఆ తరగతికి విశ్వవిద్యాలయము వేసికొన్న సంకేతసంఖ్యనుబట్టి యిది నిర్ణయమగును. ఒకే పేరు గల చదువు ఒకచోట ఒక యేడాది యనుమతి నిచ్చి, వేఱొకచోట మూడేండ్లనుమతి నిచ్చుట కలదు. చేరకముందే ఆ సంఖ్యను వ్రాతమూలకముగా అడుగవలయును. ఓపీటీ మొదటి యేటిలో మొత్తముమీద 90 దినములకు మించి పనిలేక యుండరాదను నియమమును కలదు. స్టెమ్ పొడిగింపు దొరకినచో మఱి 60 దినములు కలియును.

ఆ పిమ్మట నిలువవలెనన్న హెచ్-1బి వీసా కావలయును. ఏటికి 65,000; అమెరికాలో మాస్టర్సు చదివినవారికి ఇంకొక 20,000. ఆ 20,000లో భాగము కావలెనన్న, చదివిన విద్యాలయము గుర్తింపు గలదియై, లాభాపేక్ష లేనిదియో ప్రభుత్వపుదియో కావలయును. 2025 మార్చిలో అర్హమైన నమోదులు సుమారు 3,44,000 రాగా, వానిలో ఎన్నుకొనబడినవి 1,20,000. ఆ యెన్నిక వట్టి చీటిమీద జరిగినది. చీటికి మార్కులతో పనిలేదు. 2025 డిసెంబరులో వెలువడిన క్రొత్త నియమముచేత హెచ్చు వేతనము వ్రాయబడినవారికి చీటిలో పాలు హెచ్చును. అనగా క్రొత్తగా చదువు ముగించి తొలిమెట్టు జీతమున చేరువారికి అవకాశము తగ్గినట్లే. మఱియు 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము విధించిరి. మన లెక్కలో అది ఎనుబది లక్షల రూపాయలకు పైమాట. అచ్చటనే చదివి, దేశము విడువకయే స్థితి మార్చుకొనువారికి అది వర్తింపదని మఱుసటి నెలలో స్పష్టపఱచిరి. కావున ఇంటికి తిరిగివచ్చి "మరల పోవచ్చునులే" యనుకొనువారికి ఆ త్రోవ మునుపటివలె సుగమము కాదు.

వాణిజ్యవిద్యవారి కింకొక మెలిక యున్నది. ఆ వీసా కావలెనన్న, చేయు పనికి ఫలాని ప్రత్యేకవిద్య యావశ్యకమని కంపెనీ చూపింపవలయును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువానికిని, పద్దులు పరీక్షించు ఎకౌంటెంటునకును అది చూపుట సులభము. "సాధారణ వ్యాపారపాలనము చదివినాడు, మేనేజరుగా నుంచుకొందుము" అన్నచో అధికారి యొప్పుకొనుట కష్టము. అందుచేతనే చేతిలో ఒక నిర్దిష్టమైన పనితనము గలవారికి, అనగా ద్రవ్యపు లెక్కలు, సరకు రవాణా ఏర్పాట్లు, గణాంకముల విశ్లేషణము తెలిసినవారికి, పని దొరకుట తక్కినవారికన్న మేలుగా నున్నది.

ఇంగ్లండునకు పోవువారికి ఆకర్షణ, చదువు ఏడాదిలో ముగియుట. అచ్చట 2012 ఏప్రిలులో చదువు తరువాతి పనియనుమతిని ఎత్తివేసిరి. 2021 జూలైలో గ్రాడ్యుయేటు రూటు అను పేర మరల రెండేండ్ల కిచ్చిరి. 2027 జనవరి 1 మొదలు దరఖాస్తు పెట్టు మాస్టర్సువారికి అది 18 నెలలే. ఆ గడువు తీరిన పిదప నిలుచుటకు, ప్రభుత్వమువలన లైసెన్సు పొందిన కంపెనీ యొకటి ఉద్యోగ మియ్యవలయును. జీతము సాధారణముగా ఏటికి 41,700 పౌనులకును, క్రొత్తగా చదువు ముగించినవారికి 33,400 పౌనులకును తగ్గరాదు. ఇవి 2025 జూలై నాటి యంకెలు. 2024 జనవరి మొదలు తరగతి చదువుల మాస్టర్సువారు భార్యనుగాని భర్తనుగాని పిల్లలనుగాని వెంట దీసికొనిపోరాదు. క్రొత్తగా పెండ్లియైన కోడలు వెంట పోవునని నమ్మి ముహూర్తములు పెట్టించినవారి నెఱుగుదుము. దుకాణములోనో భోజనశాలలోనో సామాన్యపు పని చేయుచు నెలలు గడపినచో కడుపు నిండును గాని, అట్టి పని ఆ వీసాకు పనికిరాదు.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవఱకు రుసుము పుచ్చుకొనవు; చదువు తరువాత పని వెదకికొనుటకు 18 నెలలు గడువిత్తురు. కాని మన పిల్లలు చేరు వాణిజ్యపాఠశాలలలో పెక్కులు రుసుము గొను ప్రైవేటువి. పాఠము ఇంగ్లీషులో చెప్పినను, అంగడివాడును ఆఫీసువాడును మాటలాడునది జర్మను. ఐర్లండులో మాస్టర్సువారికి రెండేండ్ల యనుమతి కలదు. కెనడా 2024 మొదలు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టినది. ఈ దేశముల మాట ఇంతకన్న పెంచము.

కంపెనీవాని మనసు మాట కొంచెము చెప్పవలయును. వ్యాపారోద్యోగము మనుష్యులతో నెగ్గుకొనివచ్చు పని. ఆ దేశపువారి వాడుకమాట, హాస్యము, బేరములోని మర్యాద తెలియనివాడు సరకు అమ్మజాలడు, అమ్మువారిని నడపజాలడు. యంత్రమునకు ఏ దేశపు పలుకుబడియైనను ఒక్కటే గాని, ఖాతాదారునకు కాదు. అందుచేత సమానమైన తెలివి గల స్థానికుడు వీసా చిక్కులేక దొరకుచుండగా మన పిల్లను ఏల పుచ్చుకొనవలయునను ప్రశ్న కంపెనీవానికి సహజముగా కలుగును. దానికి ప్రత్యుత్తరము పిల్లయొద్ద సిద్ధముగా నుండవలయును. ఇక కాలము మాట. ఇంగ్లండులో పెద్ద కంపెనీలు మఱుసటి యేటి క్రొత్తవారికై దరఖాస్తులను శరదృతువుననే, అనగా పిల్లలు ఓడ దిగిన - ఇప్పుడు విమానము దిగిన - కొలది వారములలోనే పుచ్చుకొనుట మొదలిడును. అమెరికాలోను వేసవి శిక్షణపనుల యెన్నిక చేరిన కొలది నెలలకే జరుగును. మన పిల్లలు అప్పటికి గది వెదకికొనుచు, వంట నేర్చుకొనుచు నుందురు. చదువు ముగిసిన తరువాత చూచుకొందమనువారికి అప్పటికే ఒక సంవత్సరపు పంట చేజాఱి యుండును. వంటయు, ఉద్యోగపు దరఖాస్తు వ్రాయుటయు ఇంటియొద్దనే నేర్పి పంపుట మేలని మా మతము. రెండవది మగపిల్లలకును, మొదటిది మఱియు మగపిల్లలకును.

ఇక విశ్వవిద్యాలయములు ప్రకటించు ఉద్యోగపు లెక్కలు. "మా విద్యార్థులలో నూటికి 90 మందికి మూడు నెలలలో ఉద్యోగము" అని రంగుల పుస్తకములలో వ్రాయుదురు. ఈ యంకెలో అబద్ధ ముండదు. కాని చదువుట కొంత నేర్పుగా చదువవలయును. పాఠశాలల సంగతి మా యింట నిత్యము వినుచుందుము. ఒక పాఠశాలలో పదవతరగతి జాబితాలో నూఱుమంది యుండి, పరీక్షకు కూర్చున్నవారు ఎనుబదిమంది, నెగ్గినవారు డెబ్బదిరెండుగు రైనచో, పరీక్షకు కూర్చున్నవారిమీద లెక్కగట్టి నూటికి 90 అని చెప్పవచ్చును. జాబితామీద గట్టిన 72 మాత్రమే. విశ్వవిద్యాలయముల లెక్కయు నిట్టిదే. ఉద్యోగము "వెదకుచున్న" వారిమీదనే సాధారణముగా ఆ పాలు గట్టుదురు. సొంత వ్యాపారము పెట్టినవారు, పంపిన కంపెనీకే తిరిగి పోయినవారు, పైచదువునకు పోయినవారు, ఉద్యోగసమాచార మియ్యనివారు విడిగా నుందురు. పుస్తకము చివరి పుటలలో చిన్న అక్షరములతో స్థానికులకును విదేశస్థులకును వేర్వేఱు వరుసలు వ్రాయు విద్యాలయములును కలవు. మనకు కావలసినది ఆ వరుస. అదియు, మన పిల్ల చేరబోవు తరగతిదే కావలయును. ఎం.బి.ఏ. వారి జీతములను చూపి మాస్టర్సు తరగతిని అమ్మువారు కలరు. మఱియు ఆ యుద్యోగములు ఏ దేశమున దొరకినవో చూడవలయును. "ఉద్యోగము వచ్చినది" అను దానిలో, స్వదేశమునకు తిరిగివచ్చి చేరినవారును కలిసియుందురు.

కన్సల్టెన్సీలను గూర్చి ఒక్క మాట. వీరిలో మంచివారు లేకపోలేదు. కాని మనయొద్ద సొమ్ము పుచ్చుకొనకయే సలహా చెప్పువారికి, విద్యార్థి చేరినందులకు విశ్వవిద్యాలయము కమీషను ఇచ్చుట వాడుక. సంబంధము కుదిర్చినవానికి ఇరువైపుల కానుక ముట్టునప్పుడు వాడు వరుని దగ్గును గూర్చి చెప్పునా? మా యూరి తల్లి యొకర్తుకకు ఒక సంస్థవారు "ఉద్యోగము నూటికి నూఱు పాళ్లు" అని చెప్పిరట. ఆ మాట కాగితముమీద వ్రాసి యిండని యడుగుమని మేమంటిమి. వ్రాసి యియ్యలేదు. గుర్తింపు సంగతియు స్వయముగా చూచుకొనవలయును. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యను పేరి విశ్వవిద్యాలయమును ప్రభుత్వము మూయించినపుడు చిక్కులబడినవారిలో పెక్కుమంది మన తెలుగుబిడ్డలే. 2019లో మిషిగనులో ఫార్మింగ్టను అను నొక విశ్వవిద్యాలయము వట్టి బూటకమని, అచ్చటి అధికారులే వలగా పన్నినదని బయటపడినది. అప్పుడును పట్టుబడినవారిలో మనవారు పెక్కండ్రు.

ఇప్పుడు అప్పు మాట. 7.5 లక్షల రూపాయలవఱకు సాధారణముగా బ్యాంకులు తాకట్టు లేకయే విద్యాఋణ మిచ్చును. విదేశపు చదువునకు అది చాలదు గనుక ఇల్లో పొలమో వ్రాసి యియ్యవలసివచ్చును. చదువు కాలమును, ఆపై ఒక యేడును వాయిదాలు కట్ట నక్కఱలేదని చెప్పుదురు. మన యాడువారు దీనిని అప్పు నిద్రపోవుచున్నదని భావింతురు. అప్పు నిద్రపోదు; వడ్డీ పెరుగుచునే యుండును. ఒక లెక్క చూతము. 30 లక్షలు, నూటికి ఏటికి 11 చొప్పున వడ్డీ యనుకొందము. ఏడాది చదువు, ఏడాది గడువు: రెండేండ్లకు బారువడ్డీయే 6 లక్షల 60 వేలు. అంతయు గలిపి పదియేండ్లలో తీర్పవలెనన్న, నెలనెలకు 50,000 రూపాయలకు కొంచెము పైగా కట్టవలయును. పౌను జీతమో డాలరు జీతమో వచ్చినచో ఇది భారము కాదు. ఇచ్చటికే తిరిగివచ్చి నెలకు 60,000 జీతమున చేరినచో? ఈ రెండవ లెక్క వేసికొనకుండ చేవ్రాలు చేయరాదు. గడువుకాలమున వడ్డీ నైనను నెలనెల కట్టగలిగిన యింటికి భారము చాల తగ్గును. కట్టిన వడ్డీకి, పాత పద్ధతిని ఆదాయపు పన్ను చెల్లించువారికి మినహాయింపు కలదు. షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని తెలంగాణములో అంబేద్కరు విదేశీ విద్యానిధి క్రింద 20 లక్షలవఱకు సహాయము కలదు. విశ్వవిద్యాలయములే యిచ్చు విద్యార్థివేతనములకు దరఖాస్తు ముందుగా పెట్టవలసియుండును. ఆలస్యముగా అడిగినవారికి అవి మిగులవు.

ఈ లెక్కలన్నియు మేము నేర్చినది మా యక్కగారి యింటి కారణమున. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు 2022లో బిజినెస్ ఎనలిటిక్సు చదువుటకు అమెరికాకు పోయెను. బావగారు ఎకరన్నర పొలము బ్యాంకునకు వ్రాసి యిచ్చిరి. నాడు ఇంట ఒక్క ప్రశ్న పుట్టలేదు. పులిహోర వండించి విమానాశ్రయమునకు రెండు కారులలో పోయితిమి. అబ్బాయికి ఉద్యోగము దొరకినది. 2024లోను 2025లోను రెండుమార్లు చీటిలో పేరు వేసినను రాలేదు. అమ్మాయి బి.కాం. చదివి విజయవాడలో నొక ఆడిటరుగారి కార్యాలయమున రెండేండ్లు పనిచేసినది. ఇప్పుడు తాను ఇంగ్లండులో ద్రవ్యశాస్త్రమున మాస్టర్సు చదువుదు ననినది. ఇంటిలో ఒక్కసారిగా ప్రశ్నలు పుట్టినవి. ఆడపిల్లకు ముప్పది లక్షలా? ఆ సొమ్ముతో పెండ్లి చేయవచ్చునే! చదివి వచ్చినచో అంతకు మించిన వరుని తేగలమా? ఉద్యోగము రాకపోయిన ఎవరు తీర్తురు?

కడపటి ప్రశ్న మంచి ప్రశ్న. దానిని కొడుకు ప్రయాణమునాడే అడిగియుండవలసినదని మేము బావగారితో ననలేదు గాని, అక్కగారితో నంటిమి. ఆమె చాలసేపు మాటలాడక, బీరువా తెఱచి, తల్లిగారు పెట్టిన గాజులజత తీసి మా ముందుంచి, "దీని సంగతి నీవు లెక్కగట్టి చెప్పవే. వాని చదువప్పు డెవరును నన్నడుగలేదు. దాని చదువునకు నేనే యిత్తునన్న నన్నందఱు నడుగుచున్నారు" అనినది.

మేము అమ్మాయినే పిలిచి కూర్చుండబెట్టితిమి. కొడుకునకును కూతునకును లెక్క ఒకటే కావలయునని మా నిశ్చయము. ఎక్కువగా అడుగరాదు, తక్కువగా అడుగరాదు. ఆడపిల్ల గనుక పోరాదనుట యెంత తప్పో, ఆడపిల్లకును సమానమని చూపుటకై లెక్కచూడక పంపుటయు నంతే. అమ్మాయికి ఆడిటరుగారి యొద్ద చేసిన రెండేండ్ల పని యున్నది. అది చిన్న సొత్తు కాదు. అన్నయ్యకు పోవునప్పుడు అదియు లేదు. "పిన్నీ, నేను అచ్చట నిలువకపోయినను సరే, అక్కడి పద్దుల పరీక్ష చదివి హైదరాబాదులో విదేశపు కంపెనీ ఆఫీసులో చేరెదను" అని పిల్ల చెప్పినది. ఆ మాట విని మాకు ధైర్యము కలిగినది. ఏలయన, మా యొద్దకు వచ్చు పిల్లలలో తిరిగివచ్చు త్రోవను గూర్చి ముందుగా నాలోచించినవారు అరుదు.

తిరిగివచ్చుటను మనవారు అవమానముగా నెంచుచున్నారు. కచుడు శుక్రునియొద్దకు పోయి మృతసంజీవని నభ్యసించెను. పరాయివారి నడుమ నెన్ని యిక్కట్లు పడెనో భారతము చదివినవారికి తెలియును. తుదకు దేవయాని శపించెను: నేర్చిన విద్య నీకు ఫలింపకుండు గాక యని. కచుడు వెఱవలేదు. నాకు ఫలింపకున్నను నేను నేర్పినవారికి ఫలించునని చెప్పి తనవారికడకు తిరిగిపోయెను. దేవతలు వానిని ఎదురేగి తోడ్కొనిపోయిరి గాని, "ఏల వచ్చితివి? వీసా రాలేదా?" అని యడుగలేదు. గచ్చిబౌలిలోను నానక్‌రామగూడలోను విదేశసంస్థల పెద్ద కార్యాలయములు నేడు వరుసగా నున్నవి. అచ్చటి ద్రవ్యవిభాగములలోను, సరకుల విభాగములలోను సముద్రము దాటి చదివి వచ్చినవారు పనిచేయుచున్నారు. 2001లో తరగతులు మొదలిడిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఆ చెంతనే యున్నది. ఉద్యోగానుభవము గలవారికి అది ఒక్క యేడాదిలో పైచదువు చెప్పుచున్నది. ఆ రుసుమును, ఇంగ్లండు రుసుమును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొమ్మని అమ్మాయికి చెప్పితిమి. అనుభవము మఱికొంత కూడినచో అది యొక త్రోవ.

తరువాత అమ్మాయి మూడు విశ్వవిద్యాలయములకు ఒకే యుత్తరము వ్రాసినది. పోయిన యేటి తరగతిలో విదేశపు విద్యార్థు లెందఱు? వారిలో ఉద్యోగసమాచార మిచ్చినవా రెందఱు? ఇంగ్లండులోనే, వీసా నిప్పింపగల కంపెనీలో చేరినవా రెందఱు? ఇంగ్లండు ఎకౌంటెంట్ల సంఘపు పరీక్షలలో ఈ చదువువలన ఎన్ని కాగితములు తగ్గును? భాష మేమే దిద్దితిమి. మా వారు ఇంగ్లీషు తప్పులు చూచిరి. బావగారు ప్రక్కన నిలుచుండి, ఇట్లడిగినచో వారు సీటు నిరాకరింతురేమో యని సంశయించిరి.

రెండు విశ్వవిద్యాలయములు పదిదినములలో అంకెలతో ప్రత్యుత్తర మిచ్చినవి. ఒకటి ఉద్యోగపు లెక్కలు పంపక, సీటు నిలుపుకొనుటకు ముందుగా కట్టవలసిన సొమ్మెంతయో వ్రాసి పంపినది. అమ్మాయి దాని పేరు కొట్టివేసినది. తక్కిన రెండింటిలో ఒకటి విద్యార్థివేతన మిచ్చునేమో యని ఎదురుచూచుచున్నది. ఆడిటరుగారి యొద్ద పని మానలేదు. గాజులు ఇంకను బీరువాలోనే యున్నవి.